బయట వేసిన తాళం

ఆ సినిమా పేరు చెప్పను. చెప్పడం నాకిష్టం లేదు, అంతే. తీసినవాళ్ళ తప్పేమీ లేదు పాపం, బాగానే తీశారు. తొంభైల్లో మా ఉక్కునగరంలో కేబుల్ వాడు శనివారం సాయంత్రాలు లోకల్ ఛానెల్లో ఒక క్యాసెట్ వేసేవాడు. మా సెక్టారుకంతా అదే పెద్ద కాలక్షేపం. ఆ వారం వేసేది సస్పెన్స్ సినిమా అనీ, ఆఖరి దాకా ఎవరికీ ఏమీ అంతుపట్టదనీ ఎదురింటి ఆంటీ రెండు రోజుల ముందు నుంచే ఊదరగొట్టింది.

కథ ఇది. ఒక మొగుడూ పెళ్ళాం. మొగుడు దేవుడులాంటివాడు. మల్లెపూలు తెస్తాడు, పొద్దున్నే కాఫీ కలిపి మంచం దగ్గరికి పట్టుకెళ్ళి ఇస్తాడు. మొగుడంటే ఇలా ఉండాలని వీధి వీధంతా అనుకుంటుంది. ఒక మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతుంటే కిటికీలు మూసి, సందుల్లో కాగితాలు కుక్కి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, బయట తాళం వేసుకుని ఆఫీసుకి పోతాడు. ఆ బొగ్గు గాలి విషమై ఆవిడ నిద్రలోనే పోతుంది. సాయంత్రం వచ్చి ముందు కుంపటి మాయం చేస్తాడు, తర్వాత గుండెలు బాదుకుని ఏడుస్తాడు. డాక్టరొచ్చి గుండె ఆగిపోయిందంటాడు. ఊరంతా మొగుణ్ణి ఓదారుస్తుంది. చివర్లో ఒక ఇన్‌స్పెక్టరు ఎక్కడో చిటికెడు బూడిద చూసి వాణ్ణి పట్టుకుంటాడు.

అమ్మా, నేనూ, ఎదురింటి ఆంటీ మా ఇంట్లో చాప మీద కూర్చుని చూశాం. నాన్న ప్లాంటులో బొగ్గు కాల్చే కోకోవెన్ దగ్గర పనిచేసేవాడు, అప్పుడు బి షిఫ్టు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా డ్యూటీ. అంచేత నాన్న ఆ సినిమా చూడలేదు. ఈ ముక్క మీరైనా గుర్తుపెట్టుకోండి. నేను నోరు నొప్పెట్టేలా చెప్పినా ఎవరూ చెవిన పెట్టని ముక్క ఇదే.

ఇప్పుడు తాళం సంగతి చెప్పాలి. ఉక్కునగరంలో కాపరం చేయనివాళ్ళకి ఇది కొత్తగా ఉంటుంది. నైట్ షిఫ్టు చేసి పొద్దున్నే వచ్చిన మనిషి పగలు పడుకోవాలి. పడుకోనిచ్చేదెవరు? ఎండ ఒకటి, వీధి ఒకటి. ఎండ రాకుండా అందరం కిటికీ అద్దాలకి ఖాకీ కాగితం అంటించుకునేవాళ్ళం. వీధిని ఆపడమే కష్టం. చేపలమ్మి, గ్యాసు బండ అబ్బాయి, సబ్బుపొడి అమ్మే అమ్మాయిలు, చందాల వాళ్ళు, ప్రతివాడి వేలూ కాలింగ్ బెల్ మీదే. అందుకని ఆడవాళ్ళు ఏం చేసేవారంటే, మొగుణ్ణి లోపల పడుకోబెట్టి బయట తాళం వేసి, ఏ మార్కెట్టుకో పక్కింటికో వెళ్ళిపోయేవారు. తాళం చూస్తే ఎవడూ బెల్లు కొట్టడు. తెలిసినవాళ్ళయితే మెట్ల మీద గొంతు కూడా తగ్గించేవారు. ఎదురు తలుపుకి తాళం కనబడితే నేను చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కేదాన్ని. షిఫ్టు కాపరాల్లో ఒక మనిషిని కడుపునిండా నిద్రపోనివ్వడం కన్నా పెద్ద ప్రేమ ఏముంటుంది చెప్పండి! మా ఇంట్లో ఆ తాళం ఎక్కువగా అమ్మ వేసేది. అమ్మకి ఒంట్లో బాగోనప్పుడు నాన్న వేసేవాడు.

సినిమాలో ఆ మొగుడు తాళం వేస్తుంటే అమ్మ నా తొడ మీద ఒక్కటి చరిచి పకపకా నవ్వింది.

"ఓలమ్మో! ఇది మనింట్లో ఏసే తాళమే కదే! ఈ లెక్కన నానూ మీ నాన్నా ఒకరినొకరం ఎప్పుడో సంపీసుకోవాల."

ఆంటీ వాళ్ళది గోదావరి జిల్లా. నోట్లో మాట నోట్లో నిలవదు. "ఆయ్, నవ్వకండి వదినగారూ! మీ ఆయన అసలే కోకోవెన్ మనిషి. బొగ్గు సంగతి ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందండీ!" అంది. ముగ్గురం కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాం. అమ్మకి నవ్వెక్కువై దగ్గు కూడా వచ్చింది.

అమ్మకి ఆయాసం. చలికాలం వస్తే పిల్లికూతలు మొదలయ్యేవి. ఆ సినిమా చూసిన తర్వాత వచ్చిన మంగళవారం, తెల్లవార్లూ మంచం మీద కూర్చునే ఉంది, పడుకుంటే ఊపిరాడక. పొద్దున్న నేను బడికి వెళ్ళేటప్పటికి నాన్న అన్నం వండి చారు పెడుతున్నాడు. మధ్యాహ్నానికి మాత్ర పనిచేసినట్టుంది, అమ్మకి నిద్ర పట్టింది. నాన్న నాకు తర్వాత చెప్పాడు, "నిద్దరట్టింది తల్లీ. మొకం సూత్తే లేపబుద్దెయ్యలేదు" అని. బూట్లు గదిలో వేసుకుంటే చప్పుడవుతుందని మెట్ల దగ్గర వేసుకున్నాడట. తాళం వేసి, ఎదురు తలుపు ఆంటీకి తాళంచెవి ఇచ్చి, "పడుకుందమ్మా, గుంటొచ్చినాక ఇచ్చీయండి" అని, నేనొచ్చాక ఇమ్మని చెప్పి షిఫ్టు బస్సెక్కాడు.

నేను బడి నుంచి వచ్చేసరికి ఆంటీ ఇంట్లో టీవీ మోగిపోతోంది. తాళంచెవి నా చేతిలో పెట్టి, "మీ అమ్మ పడుకుందమ్మా, చప్పుడు చెయ్యకే" అంది. చప్పుడు చెయ్యకుండానే తాళం తీశాను. తలుపు సగమే తెరుచుకుంది. అడ్డంగా ఏదో ఉందనుకుని నెట్టాను. తలుపు వెనకాల నేల మీద అమ్మ ఉంది. చెయ్యి తలుపు వైపు చాచి ఉంది.

ఇంతకన్నా ఇక్కడ రాయలేను.

డాక్టరు ఆయాసమే అన్నాడు. ఇంట్లో ఒంటరిగా పోయింది కాబట్టి పోలీసులు వచ్చారు, పోస్ట్‌మార్టం చేయించారు, అందులోనూ అదే వచ్చింది. నాన్ననీ నన్నూ ఆంటీనీ అడిగి రాసుకుని వెళ్ళిపోయారు. అక్కడితో అయిపోవాల్సిన మాట. కానీ మా సెక్టారంతా ఆ శనివారం ఆ సినిమా చూసి ఉంది కదా!

మొదట అన్నది ఆంటీయే. దినం భోజనాల దగ్గర, వడ్డించే గిన్నె చేతిలో ఉండగా, ఎవరితోనో. "నేనట్లేదండీ బాబూ, అందరూ అనుకుంటున్నారు. పాపం ఆవిడ ముందే అందండీ, మా ఇంట్లోనూ ఇదే తాళం, నన్నెప్పుడో చంపేస్తాడని. నా చెవులారా విన్నాను." అమ్మ ఆడిన వేళాకోళం కొద్ది రోజుల్లో అమ్మ పెట్టుకున్న మొరైపోయింది. నేను పక్కనే ఉన్నాను. "అలా అనలేదాంటీ, నవ్వుతూ అంది, ఒకరినొకరం అని అంది" అన్నాను. ఆవిడ నా తల నిమిరి, "నీకు తెలీదమ్మా, చిన్నపిల్లవి" అంది. తొమ్మిదో తరగతి పిల్ల చిన్నపిల్లట!

ఇక చూడండి. బయట తాళం వేశాడా? వేశాడు. కిటికీలకి కాగితాలున్నాయా? ఉన్నాయి. బొగ్గు దగ్గర పనిచేస్తాడా? చేస్తాడు. డాక్టరు మామూలు చావే అన్నాడంటే, సినిమాలో డాక్టరూ అలాగే అన్నాడన్నారు. పోలీసులు వదిలేశారంటే, అంత తెలివిగా చేశాడన్నారు. నాన్న శ్మశానం నుంచి వచ్చిన రోజు మెట్ల మీద కూర్చుని పెద్దగా ఏడిచాడు కదా, సినిమాలో వాడూ అచ్చం అలాగే ఏడిచాడన్నారు. ఆ మాట చెవిన పడి నాన్న ఏడవడం మానేస్తే, కంట్లో చుక్క లేదు చూశావా అన్నారు. ఆ సినిమాలో 'పెర్ఫెక్ట్ మర్డర్' అని ఒక మాట ఉంటుంది. ఏబీసీడీలు రాని వాళ్ళు కూడా పాల బూత్ దగ్గర 'పర్ఫెట్ మడ్డర్' అని నోరారా పలికారు. ఏ ఆనవాలూ లేకుండా చేయడమే అందులో గొప్పట. మరి ఏమీ చేయనివాడు ఆనవాలు ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తాడు?

నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు పాల బూత్ దగ్గర అందరి ముందూ అరిచేశాను. "మీ కిటికీలకి లేవా కాగితాలు? మీ ఆయన నైట్ షిఫ్టప్పుడు మీరు తాళం వెయ్యలేదా? నిన్న మొన్నటి దాకా వేశారు కదా!" అని. ఒక్కరు తిట్టినా బాగుండేది. ఎదురు తిరిగినా బాగుండేది. "అయ్యో, తల్లి లేని పిల్ల" అని ఒకావిడ నా క్యాను తీసుకుని వరసలో ముందుకి జరిపింది. అంతే. ఆ పాలు పట్టుకుని ఇంటికొచ్చి ఏడ్చాను.

ఇంకోటి చెప్పాలి. ఆ తర్వాత మా సెక్టారులో తాళాలు వేయడం మానేశారు. మొగుడు పడుకుంటే ఆడవాళ్ళు తలుపు జారేసి, మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుకుంటూ కాపలా కాసేవారు. అంటే తాళం ఎందుకు వేస్తారో, దాంతో ఏం జరగొచ్చో అందరికీ తెలుసన్నమాటే. తెలిసీ నాన్నని అన్నారు. ఆంటీ సంగతి నాకు చాలా ఏళ్ళకి అర్థమైంది. మా తలుపుకీ వాళ్ళ తలుపుకీ మధ్య నాలుగడుగుల జాగా. తాళంచెవి ఆవిడ దగ్గరుంది. అమ్మ తలుపు కొట్టే ఉంటుంది కదా! టీవీ మోగుతోంది, వినబడలేదు. వినబడలేదన్న మాట మోయడం కన్నా, హత్య జరిగిందని అనుకోవడం ఆవిడకి తేలికైనట్టుంది. ఆవిడ మీద కోపం పోయిందా అంటే, పోలేదు.

మా అమ్మా నాన్నలవి రెండూ సముద్రం మీద బతికే కుటుంబాలు. నాన్నకి ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చింది గానీ, అమ్మ అన్నయ్య, మా పెద్ద మావయ్య, ఇప్పటికీ చేపల వేటకెళ్ళే మనిషే. వన్ టౌన్‌లో హార్బరు దగ్గర సందులో ఇల్లు. నాన్నంటే ప్రాణం ఆయనకి. "బావా, బావా" అంటూ ఇంటికొస్తే మంచి చేప తేకుండా వచ్చేవాడు కాదు. దినాలయ్యాక ఆంటీ మాట ఆయన చెవిదాకా చేరింది. వచ్చాడు. కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి ఆ తలుపునీ తాళాన్నీ తడిమి తడిమి చూశాడు.

"తాళం ఎవలేసినారు?" అన్నాడు.

"నానే ఏసినాను," అన్నాడు నాన్న.

"లోపల మనిషున్నాదని తెల్సీ ఏసినావా?"

"పడుకున్నాది కదా అని ఏసినాను బావా."

మావయ్య మొహం చూస్తే నాకు భయమేసింది. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. "గుంటని నాను తీసుకెల్తన్నాను. నీకాడ ఉంచను" అన్నాడు. నేను వెళ్ళనన్నాను. తలుపు పట్టుకుని వేళ్ళాడాను. నాన్న నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు. "ఎల్లు తల్లీ. డూటీకెల్తే నిన్నెవలు సూత్తారు? కొన్నాల్లు పోతే ఆలకే తెలుత్తాది" అన్నాడు. ఆ కొన్నాళ్ళు రాలేదు. మావయ్య ఆ రోజు నుంచి నాన్నని బావా అని పిలవడం మానేశాడు.

వన్ టౌన్ బడిలో చేరాను. నాన్న వీక్లీ ఆఫ్ రోజున రెండు బస్సులు మారి వచ్చేవాడు. లోపలికి రమ్మనేవారు కాదు, ఆయనా వచ్చేవాడు కాదు. అరుగు మీద కూర్చునేవాడు. ఫ్యాక్టరీ క్యాంటీన్లో తనకిచ్చిన స్వీటు తినకుండా కాగితంలో చుట్టి తెచ్చేవాడు, నాకోసం. మొదటిసారి తెచ్చినప్పుడు నేను పొట్లం విప్పేలోపల మా అత్త వచ్చి అందుకుంది. లడ్డూలోంచి చిన్న ముక్క తుంపి అరుగు కింద తిరిగే పిల్లికి వేసింది. పిల్లి తిని మూతి నాక్కుంది. అత్త కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, అప్పుడు మిగతాది నా చేతిలో పెట్టింది. ఆవిడ చెడ్డది కాదు. నన్ను సొంత కూతురిలా చూసింది. నాకేమైనా అయిపోతుందని నిజంగా భయపడింది. అదే మరీ ఘోరం.

నాన్న అదంతా చూశాడు. పిల్లి తింటున్నంతసేపూ చూశాడు. "తిను తల్లీ, బాగుంటాది" అన్నాడు నాతో. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ తనే ముందు ఒక ముక్క తుంపి పిల్లికి వేసేవాడు. కోపంతో కాదు. అత్తకి ఆ పని పెట్టడం ఎందుకని. నాకు ఆ లడ్డూ గొంతు దిగేది కాదు. అయినా ఆయన ఎదురుగా కూర్చుని మొత్తం తినేదాన్ని. అంతకన్నా నా చేతుల్లో ఏముంది?

డిగ్రీ అయింది, బీఈడీ అయింది. గాజువాకలో ఒక స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ రోజే మావయ్యతో, నాన్నని నా దగ్గరికి తెచ్చుకుంటానని చెప్పాను. మావయ్య వల కుట్టుకుంటూ, "నీ ఇట్టం. నీకు సదువొచ్చింది, సూసుకో" అన్నాడు. అంటే జాగ్రత్తగా ఉండమని. అంత కాలం గడిచినా సరే! రెండు గదుల పోర్షన్ అద్దెకి తీసుకున్నాను. కొన్నాళ్ళకి నాన్న రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, ఒక ట్రంకు పెట్టెతో వచ్చాడు. కొత్త ఇంట్లో కిటికీలకి కాగితాలు అంటించనివ్వలేదు. నేను బడికెళ్ళేటప్పుడు తలుపు దగ్గరికి వేసి వెళ్ళమనేవాడు, తాళం మాత్రం వద్దనేవాడు. నేనూ వేసేదాన్ని కాదు.

అన్నాళ్ళూ నాన్నకి నేను ఒక సంగతి చెప్పలేదు. జనం వెనకాల అనే మాటలు మొహం మీద అనరు కదా. 'సినిమా చూసి నేర్చుకున్నాడు' అన్నారని మాత్రం ఆయనకి తెలుసు. ఏం సినిమా, అందులో ఏముంది, ఎవరు చూశారు, ఇవేవీ ఆయనకి తెలీదు. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. చెప్పి ఏం చెయ్యను?

ఒక ఆదివారం మధ్యాహ్నం. నేను పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. నాన్న మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నాడు. ఏదో పాత సినిమా. నేను తలెత్తేసరికి తెర మీద ఆ మల్లెపూల పొట్లం. లేచి వెళ్ళి, "ఇది బాగోదు నాన్నా, మార్చేస్తాను" అంటూ రిమోట్ అందుకున్నాను.

"ఉంచు తల్లీ," అన్నాడు. "ఇదేనా?"

రిమోట్ పక్కన పెట్టేశాను. ఆయనకి తెలిసిపోయింది.

ఆఖరి దాకా చూశాం, ఇద్దరం, అడ్వర్టయిజ్‌మెంట్లతో సహా. నేను టీవీని చూడలేదు, నాన్ననే చూశాను. కుంపటి పెట్టినప్పుడు నుదురు చిట్లించాడు. గది నిండా పొగ కమ్మకుండా ఎలా ఉంటుందని ఆ పని తెలిసిన మనిషికి అనుమానం వచ్చినట్టుంది. వాడు ఏడ్చినప్పుడు కూడా నాన్న మొహం మారలేదు. తాళం వేసినప్పుడు మాత్రం రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు, బూడిద చూశాడు, వాడు దొరికిపోయాడు, జీపెక్కించారు. అయిపోయింది. నేను టీవీ ఆపేశాను.

ఏమంటాడోనని చూస్తున్నాను. ఇన్నేళ్ళ అవమానం గురించి అంటాడేమో, మావయ్యని అంటాడేమో, ఆంటీని తిడతాడేమో. తిడితే బాగుండునని ఎంత అనుకున్నానో! ఆయన నేలకేసి చూశాడు.

"ఇది ఎప్పుడేసినారు అప్పట్ల?" అన్నాడు.

"అమ్మ పోయే ముందే నాన్నా. ఆ శనివారం."

"మీ యమ్మ సూసిందేటి?"

అబద్ధం ఆడి ఉండొచ్చు. నోరు రాలేదు. "చూసింది," అన్నాను.

నాన్న తలెత్తి నన్ను చూశాడు. ఊరంతా హంతకుడన్నప్పుడు కూడా ఆయన కళ్ళల్లో ఆ చూపు నేను చూడలేదు.

"అయితే మరి... ఊపిరాడక లెగిసి తలుపు కాడికొచ్చింది కదా. లాగింది కదా. తాళమేసున్నాదని తెలిసింది కదా. అప్పుడు మీ యమ్మ నన్నేటనుకున్నాదమ్మా?"

వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. అమ్మ ఆ సినిమా చూస్తూ ఏమందో మొత్తం చెప్పాను. నా తొడ మీద చరిచిందనీ, మనింట్లో వేసే తాళమే కదా అందనీ, ఒకరినొకరం ఎప్పుడో చంపుకోవాలి అందనీ, దగ్గొచ్చే దాకా నవ్విందనీ.

"నవ్విందా?" అన్నాడు.

"నవ్వింది నాన్నా. పకపకా నవ్వింది."

"నా మీద అనుమానంగా అన్లేదు కదా?"

"ఛ, లేదు నాన్నా. నేను పక్కనే ఉన్నాను కదా. నవ్వింది."

నేను చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అది శనివారం సంగతి. ఆయన అడిగింది మంగళవారం సంగతి. మంగళవారం గురించి చెప్పగలిగిన మనిషి లేదు.

ఇప్పటికీ అడుగుతాడు. అన్నం తింటూ తింటూ ముద్ద ఆపి, ఏదో వేరే మాటలో ఉన్నట్టే, "మీ యమ్మ నవ్విందన్నావు కదమ్మా?" అంటాడు.

"నవ్వింది నాన్నా, తిను," అంటాను.